మబ్బుకీ మబ్బుకీ మధ్య గాలి

ఆకాశాన్ని ఎనిమిది ముక్కలుగా ఊహించుకుని, వాటిలో ఎన్ని ముక్కలు మబ్బు పట్టి ఉన్నాయో చెప్పడం నా ఉద్యోగంలో మొదటి పని. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, రాళ్ళ నేల మీద, ముళ్ళకంచె వేసిన చిన్న స్థలంలో మా వాతావరణ కేంద్రం ఉండేది. నా వయసు సగం అక్కడే గడిచింది. యంత్రాలు వాటంతట అవే లెక్కలు పంపడం మొదలయ్యాక పరిశీలకుడు అక్కర్లేదన్నారు. ఇంకా కొన్నేళ్ళు సర్వీసు ఉండగానే స్వచ్ఛందంగా విరమించుకున్నాను.

నేను చదివింది ఇంటర్ వరకే. ఎండ గురించి, వేడి గురించి నాకు తెలిసిందంతా పరికరాలతో పాటు పెట్టెల్లో వచ్చిన పుస్తకాలు నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివి, కాగితం మీద లెక్క వేసుకుని నేర్చుకున్నదే. అందుకని నేను రాసే ఈ కాగితాల్లో సిద్ధాంతాలు తక్కువ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఒకచోట తప్పకుండా పొరబడతారు. పుస్తకం కూడా అక్కడే పొరబడమని చెబుతుంది. ఆ పొరపాటు కేంద్రం కంచె లోపలే ఉండిపోతే ఎవరికీ నష్టం లేదు. మా దగ్గర అది కంచె దాటి, పక్కనే ఉన్న నాపరాయి క్వారీలోకి దిగింది.

మూడు పరికరాలు

మా దగ్గర వెలుగునీ వేడినీ కొలిచే పరికరాలు మూడు ఉండేవి. ఒకటి గాజు గుండు కింద నల్లటి పళ్ళెం. ఆకాశం మొత్తం నుంచి వచ్చే వెలుగుని కలిపి కొలుస్తుంది. రెండోది చిన్న గొట్టం. పొద్దుతిరుగుడు పువ్వులాగా సూర్యుడి వెంట తిరుగుతూ, సూర్యబింబం నుంచి నేరుగా వచ్చే ఎండని మాత్రమే పట్టుకుంటుంది. మూడోదాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు పట్టించుకోరు. అది కంటికి కనపడని వేడిని, అంటే పైనున్న గాలి, మబ్బు కలిసి నేలకి తిప్పి పంపే వేడిని, పగలూ రాత్రీ కొలుస్తుంది.

క్వారీలో పనిచేసే ఏసోబు మా బోరు దగ్గర మంచినీళ్ళు పట్టుకోవడానికి రోజూ వచ్చేవాడు. వరసకి ఏమీ కాకపోయినా నన్ను బాబాయ్ అనేవాడు.

"బాబాయ్, ఆ గాజుబుడ్డి కింద ఏంది పొదగేశావు? పిల్లలు దిగేదెప్పుడు?"

"నువ్వు చేతులేయకపోతే దిగుతాయి లేరా."

"దిగినాక నాకో పుంజునియ్యి. మరియమ్మ చారు పెట్టుద్ది."

మరియమ్మ అతని భార్య. ఇద్దరూ ఒకే క్వారీలో చేసేవాళ్ళు. అతను పలుగుతో రాయి లేపితే, ఆమె పలకలు మోసి దొంతర పెట్టేది.

అద్దం తుడువు

నాకు చిక్కు తెచ్చిపెట్టింది ఆ రెండో పరికరం. మే నెలలో పడమటి వడగాలి కొట్టే రోజుల్లో అది లెక్క ప్రకారమే నడిచేది. రోహిణి కార్తె చివర్లో గాలి తూర్పుకి తిరిగి, దూదిపింజల్లాంటి చిన్న మబ్బులు తక్కువ ఎత్తులో వరసలు కట్టి వచ్చేవి. ఆ రోజుల్లో రెండు మబ్బుల నడుమ సూర్యుడు పూర్తిగా బయటపడ్డప్పుడు కూడా గొట్టం చూపించే అంకె, మబ్బుల్లేని రోజు అంకెను అందుకునేది కాదు. కొంచెం తక్కువలోనే ఆగిపోయేది.

మా ఆఫీసరు గారికి అది నచ్చలేదు.

"సాంబయ్యా, గొట్టం అద్దం తుడిచావా?"

"తుడిచానండీ."

"మళ్ళీ తుడువు."

"ఇంకా తుడిస్తే అరిగిపోద్దండీ."

ఆయన నవ్వలేదు. గొట్టాన్ని పెట్టెలో పెట్టి సరిచూడమని పై ఆఫీసుకి పంపించాడు. సరిగ్గానే ఉందని తిరిగి వచ్చింది. మళ్ళీ పంపించాడు, మళ్ళీ వచ్చింది. అన్ని సంవత్సరాల్లో నేను చూసిన అధికారుల్లో ఆయన మంచివాడే. అబద్ధం రాయమని ఏనాడూ అడగలేదు. ఆయన లోపమల్లా పట్టికని మరీ ఎక్కువ గౌరవించడం. మా పట్టికలో మబ్బుకొక గడి, మబ్బు లేని ఆకాశానికొక గడి ఉండేవి. ఏది మబ్బు కాదో అది నిర్మలం. ఇంకో గడి లేదు.

ఒక వేసవి నాకు తోచిన పరీక్ష ఒకటి చేశాను. మబ్బు నీడ నేల మీద పాకుతూ మా వైపు వస్తుంటే, నీడ అంచు ఎప్పుడు తాకుతుందో ఒక కన్ను, అంకె ఎప్పుడు తగ్గడం మొదలవుతుందో ఒక కన్ను వేశాను. నీడ ఇంకా క్వారీ అవతలి గట్టు మీద ఉండగానే ఇక్కడ అంకె జారడం మొదలైంది. నీడ మమ్మల్ని దాటి వెళ్ళాక కూడా అది చప్పున లేవలేదు, నెమ్మదిగా పాకింది. మళ్ళీ మళ్ళీ చూశాను. ప్రతి చిన్న మబ్బుతోనూ అంతే.

అప్పుడు తెలిసింది నాకు, మబ్బు అంచు కంటికి కనిపించేచోట అయిపోవడం లేదని. మబ్బు చుట్టూ తడిగాలి చాలా దూరం ఉంటుంది. ఆ గాలిలో దుమ్ము రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువు తన మీద పడ్డ ఎండని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. కంటికి అదంతా ఆకాశమే, కాకపోతే నీలం కొంచెం పాలు కలిపినట్టు ఉంటుంది.

నేరుగా వచ్చే ఎండ తగ్గిందంటే నేల చల్లబడాలని అనుకుంటాం. మిగతా రెండు పరికరాలూ అలా చెప్పలేదు. మబ్బుల తెల్లటి పక్కల మీద పడి చెదిరిన వెలుగు అన్ని వైపుల నుంచీ వచ్చి కలవడంతో, సూర్యుడు బయటపడ్డ క్షణాల్లో గాజు గుండు ఒక్కోసారి మబ్బుల్లేని రోజు కంటే ఎక్కువ చూపించేది. మూడో పరికరం అంకె అయితే ఆ రోజుల్లో అసలు కిందికే దిగేది కాదు. నడినెత్తిన మబ్బు ఉన్నా లేకపోయినా, తడిగాలి తన వేడిని నేలకి తిప్పి పంపుతూనే ఉండేది. పొద్దుగూకాక కూడా రాయి చల్లారకపోవడానికి అదే కారణం. వీటికి తోడు, అంత తేమలో ఒంటి మీద చెమట ఆరదు. మన వాళ్ళు దీన్నంతా కలిపి ఉక్క అని ఒక్క మాటలో చెబుతారు.

నీడ పడ్డ కాసేపు హాయి అనిపించేది నిజమే. ఆ కాసేపే మనిషిని నమ్మిస్తుంది.

పలుగు నీడ

క్వారీలో మేస్త్రీ కోటయ్య. గట్టిమనిషి, నోరు పెద్దది, చేతి కింది పనివాళ్ళని కాచుకునే గుణం ఉన్నవాడు. వేసవిలో అక్కడ తెల్లారకముందే పని మొదలయ్యేది. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ఆపి, పొద్దు వాలేదాకా టార్పాలిన్ పట్టా కింద పడుకునేవాళ్ళు. దాన్ని నీడకి పోవడం అనేవాళ్ళు.

మబ్బు రోజున మాత్రం నీడకి పోవడం ఉండదు. మబ్బు రోజు అవునో కాదో తేల్చేది పలుగు. కోటయ్య పొద్దున్నే ఒక పలుగుని రాతి పగుల్లో నిలువుగా దిగ్గొట్టేవాడు. పొద్దెక్కాక పనివాళ్ళకి మజ్జిగ కుండ వచ్చేలోపు దాని నీడ మాటిమాటికీ చెరిగిపోతుంటే మబ్బు రోజు. నీడ చెక్కుచెదరకుండా ఉంటే ఎండ రోజు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఆయనకీ తెలియదు. ఆయనకి పని నేర్పిన మేస్త్రీ అలా చేసేవాడు, ఆయనా చేస్తున్నాడు. రాయికింత అని కూలి కాబట్టి పనివాళ్ళకి కూడా మబ్బు రోజంటే ఇష్టం. ఆ రోజు నాలుగు పలకలు ఎక్కువ లేస్తాయి.

నేను ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను.

"మేస్త్రీ, నీ పలుగు ఎండని చూస్తుందే గానీ ఉక్కని చూడదు."

"పలుక్కి ఉక్కెందుకు పోస్తదయ్యా, ఇనుం గదా?" అని కోటయ్య నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

"మబ్బు పట్టిన రోజే ఎక్కువ ప్రమాదం అంటన్నాను."

"చానా చదివావు సాంబయ్యా. మబ్బొస్తే చల్లన, ఎండొస్తే వేడి. మా అమ్మ కూడా ఇంతే చెప్పింది."

కోటయ్యకి నీడ చెరిగితే మబ్బు, నిలిస్తే ఎండ. మా పట్టికకీ అంతే. మధ్యలో ఉన్న గాలి ఇద్దరి లెక్కలోనూ లేదు. కాకపోతే మా లెక్క తప్పితే కాగితం మీద ఒక అంకె తప్పుతుంది. కోటయ్య లెక్క కింద మనుషులు పలకలు మోస్తున్నారు.

మరియమ్మ

మృగశిర వచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకున్న వారంలో జరిగింది. వడగాలుల హెచ్చరికలు ఆగిపోయాయి. ఆ పూట ఆకాశంలో సగం దాకా దూది మబ్బులు. గాలి బొత్తిగా లేదు. గాజు గుండు అంకె ఎగిరిపడుతోంది, మూడో పరికరం ఎక్కడిదక్కడ పైనే నిలిచిపోయింది. పలుగు నీడ చెరుగుతూ వస్తూ ఉంది కాబట్టి క్వారీలో సమ్మెట దెబ్బలు ఆగలేదు.

మధ్యాహ్నం ఏసోబు కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, నీళ్ళు. మరియమ్మ ఏందో మాట్లాడతంది."

బిందెతో వెళ్ళాను. ఆమె రాళ్ళ దొంతరకి ఆనుకుని కూర్చుంది. చుట్టూ మూగినవాళ్ళలో ఎవరినీ గుర్తుపట్టడం లేదు. కూతురు సునీత ఇంట్లో ఉంటే, ఆ పిల్ల ఎదురుగా ఉన్నట్టు మాట్లాడుతోంది.

"పాలు పొంగిపోతన్నయ్యే, పొయ్యి మీంచి దించు. దించవే."

ఒళ్ళు ముట్టుకుంటే ఎండకి కాలిన నాపరాయి ముట్టుకున్నట్టుంది. ఆడవాళ్ళు సిగ్గు పోతుందని పమిట నిండా కప్పారు. నేను తీసెయ్యమని, నీళ్ళు పొయ్యమని, విసరమని అరిచాను. పోశారు, విసిరారు. ఆ గాలిలో తడి ఆరదు గదా, తడి ఆరకపోతే వేడి పోదు. కోటయ్య ట్రాక్టరు తెప్పించాడు. గురజాల ఆసుపత్రి చేరకముందే, దారిలోనే పోయింది.

ఆమె తాగి ఉండలేదు, ఉపవాసం లేదు, ఏ జబ్బూ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఈ మూడూ అన్నారు.

విచారణ

మండలాఫీసులో విచారణ పెట్టారు. అంతకుముందు రోజు ఏసోబు మా కేంద్రానికొచ్చాడు. నీళ్ళ డబ్బా తేలేదు.

"బాబాయ్, ఎండకి పోయిందని రాయించు."

"నా చేతిలో ఏముందిరా?"

"రాత్తే, మబ్బు రోజు గూడా నీడకి పంపాలని పైనుంచి చెప్తారంట. వాళ్ళమ్మ చోట్లోకి సునీత వత్తంది గదా. అందుకే అడగతన్నా."

ఏసోబు అడిగింది ఆ ఒక్కటే. నేను మూడు పరికరాల అంకెలూ కాగితం మీద గీతలుగా గీసుకుని, ఆఫీసరు గారితో కలిసి వెళ్ళాను.

విచారణాధికారి ఓపికగలవాడు. మేము పంపిన బులెటిన్ ముందుపెట్టుకుని అడిగాడు.

"ఇందులో ఆకాశం సగం మబ్బు అని ఉంది. మీరు రాసిందేనా?"

"నేను రాసిందేనండీ. నియమం ప్రకారం అదే రాయాలి."

"ఉష్ణోగ్రత కిందటి వారం కంటే తక్కువ. హెచ్చరిక లేదు. మరి వడదెబ్బ ఎలా అవుతుంది?"

చెప్పాను. మబ్బు చుట్టూ గాలి సంగతి, చెదిరిన వెలుగు సంగతి, చెమట ఆరని సంగతి, గీతలు చూపించి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. చివరికి అన్నాడు:

"మీ పరికరాలు కంచె లోపల ఉన్నాయి. ఆమె క్వారీలో ఉంది. అక్కడ ఎంత వేడి ఉందో కొలిచారా?"

"లేదండీ."

"మీరు డాక్టరా?"

"కాదండీ."

ఆఫీసరు గారి వైపు తిరిగాడు. "సార్, మబ్బుల మధ్య ఖాళీని మీ శాఖ ఏమంటుంది?"

"నిర్మలం అంటామండీ," అన్నాడాయన, నెమ్మదిగా.

గుండె ఆగి మరణం, మునుపటి బలహీనత ఉండవచ్చు అని రాశారు. ఆ అధికారిని నేను తప్పుపట్టను. ఆయన ముందున్న కాగితాలతో నేనైనా అంతకంటే ఎక్కువ రాయలేను. బయట వరండాలో ఏసోబుకి చదివి వినిపించాను. 

"గుండె ఆక్కుండా ఎవరు చచ్చారు బాబాయ్?" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆఫీసరు గారు కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలా దూరం పోయాక అన్నాడు:

"నువ్వు చెప్పింది తప్పని నేననలేదు సాంబయ్యా."

"ఒప్పని కూడా అనలేదండీ."

 మర్నాడు ఆయన అద్దం తుడవమని అడగలేదు. బదిలీ అయ్యేదాకా మళ్ళీ అడగలేదు.

కొత్తగా వచ్చే మీకు చెప్పదలచుకున్నది ఇక్కడ చెబుతాను. మీ గొట్టం తక్కువ చూపిస్తే అద్దం తుడవండి, ఒకసారి. అప్పటికీ తక్కువే చూపిస్తే, అది నిజం చెబుతోందేమో అని ఆలోచించండి. పుస్తకాల్లో ఎడారి గాలికి లెక్కగట్టిన నిర్మలమైన ఆకాశాన్ని మన మృగశిర ఆకాశంతో పోల్చకండి. నిర్మలం అన్న గడిలో అంకె వేసేటప్పుడు దాని కింద ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి కంచె అవతలికి చూడండి. చూసినందువల్ల ఏదో మారుతుందని నేను హామీ ఇవ్వలేను.

తడి తువ్వాలు

విచారణ అయిన కొన్నాళ్ళకి కోటయ్య తనంతట తనే మా కంచె దగ్గరికొచ్చాడు. ఈసారి నోరు పెద్దది చేయలేదు.

"పలుగుని నమ్మొద్దంటివి. సరే. మరి దేన్ని చూడమంటావో చెప్పు."

మా దగ్గర తెల్లటి చెక్కపెట్టెలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఉండేది. గాలిలో తేమ ఎంతుందో దాంతో తెలుస్తుంది. కోటయ్యకి థర్మామీటరు ఇచ్చి లాభం లేదు. ఒక తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, టార్పాలిన్ కింద నీడలో గుంజకి కట్టమన్నాను. మజ్జిగ వచ్చేటప్పుడు కట్టాలి. నీడకి పోయే వేళకి ముట్టుకోవాలి. పలుగు నీడ నిలిచి ఉంటే ఎప్పటిలాగే నీడకి పోవాలి. నీడ చెరుగుతూ ఉండి, తువ్వాలు ఇంకా తడిగా ఉంటే, అప్పుడు కూడా పోవాలి. ఇది మోటు కొలత. అయినా పలుగుకి తెలియని సంగతి దీనికి తెలుసు.

కోటయ్య మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి వేసవి చివర గాలి తూర్పుకి తిరిగాక, వరసగా చాలా రోజులు తువ్వాలు ఆరలేదు. చాలా రోజులు జనం నీడకి పోయారు. పలకల దొంతరలు పెరగలేదు. తువ్వాళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు ఇంటికి పోవచ్చనీ, కృష్ణా నది అవతల నుంచి మనుషులు వస్తారనీ యజమాని కబురు పెట్టాడని తర్వాత తెలిసింది.

ఒక మధ్యాహ్నం మూడో పరికరం పైనే నిలిచిపోయి ఉంది. సమ్మెట దెబ్బలు వినపడుతున్నాయి. క్వారీలోకి దిగాను. కోటయ్య పట్టా కింద నిలబడి ఉన్నాడు.

"ఆరింది సాంబయ్యా. ముట్టుకో."

ముట్టుకున్నాను. తువ్వాలు పొడిగా ఉంది. అంతకంటే ముఖ్యం, వేడిగా ఉంది. నీడలో గుంజకి కట్టిన గుడ్డ ఆరితే అంత వేడిగా ఉండదు. దాని మీద తెల్లటి రాతిపొడి అంటుకుని ఉంది. ఎవరో విప్పి, ఎండలో బండ మీద పరిచి, ఆరాక మళ్ళీ కట్టారు.

నేను తలెత్తేసరికి ఏసోబు నావైపే చూస్తున్నాడు. చేతుల మీద అదే తెల్లటి పొడి. అతని వెనక సునీత రెండు పలకలు నెత్తిన పెట్టుకుని నడుస్తోంది.

తువ్వాలు విప్పి, కుండలో ముంచి, పిండి మళ్ళీ కట్టాను. కోటయ్య అది చూశాడు. పని ఆపమని కేకేశాడు. అందరూ వచ్చి పట్టా కింద కూర్చున్నారు.  ఏసోబు నేలకేసి చూస్తూ అన్నాడు:

"నీది నెల జీతం బాబాయ్."

వారం తర్వాత మళ్ళీ దిగాను. మబ్బులు చిన్నవి, తక్కువ ఎత్తులో, వరసగా వస్తున్నాయి. వాటి మధ్య ఆకాశం పాలు కలిపినట్టుంది. గుంజకి తువ్వాలు లేదు, కట్టిన తాడు ముక్క మాత్రం వేలాడుతోంది. రాతి పగుల్లో పలుగు నిలబడి ఉంది. దాని నీడ చెరిగింది, మళ్ళీ వచ్చింది. కోటయ్య దాన్నే చూస్తున్నాడు. సునీత పలకలు మోస్తోంది.